వాయవ్యంలో వాయుదేవుడు

మేం ఫ్లాటు కొన్నప్పుడు 'రోడ్ ఫేసింగ్' అని చెప్పి బిల్డరు చదరపు అడుగుకి కొంత ఎక్కువే పుచ్చుకున్నాడు. ఇచ్చాం. మురిసిపోతూ ఇచ్చాం. బాల్కనీలో నిలబడితే ఊరంతా కనిపిస్తుందన్నాడు. అబద్ధం కాదు, కనిపిస్తుంది. ఊరంతా వచ్చి మా సోఫాలో కూర్చుంటుందన్న ముక్క మాత్రం అప్పుడు చెప్పలేదు.

కూకట్‌పల్లిలో మాది మూడో అంతస్తు. పుణె నుంచి మచిలీపట్నం పోయే 65వ నంబరు జాతీయ రహదారి మా బాల్కనీ కిందుగా పోతుంది. దాని నెత్తిన మెట్రో. పొద్దున్నే కాఫీ తాగుతుంటే మెట్రోలో వేలాడేవాళ్లు మా గ్లాసులోకి తొంగి చూస్తారు. రాత్రి తొమ్మిదయ్యేసరికి ఆంధ్రా వైపు పోయే స్లీపరు బస్సులు ఏసీ ఆపకుండా, ఇంజనూ ఆపకుండా మా గేటు ముందు బారులు తీరతాయి. "అమలాపురం, రాజోలు, అమలాపురం" అని ఆ కుర్రాడు కేకేస్తుంటే మావారికి సొంతూరు గుర్తొచ్చి కళ్లు చెమరుస్తాయి. డీజిలు పొగకి కూడా చెమరుస్తాయనుకోండి. ఏ కన్నీరు దేనికో ఇన్నేళ్లయినా తేలలేదు.

ఇక దుమ్ము. మా ఊళ్లో దుమ్ము ఎర్రగా ఉండేది, ఉఫ్ అంటే ఎగిరిపోయేది. ఇక్కడిది నల్లగా, జిడ్డుగా ఉంటుంది. రెయిలింగ్ మీద తడిగుడ్డ పెడితే పోదు, పాకుతుంది. పనమ్మాయి దానికి 'కాటుక' అని పేరు పెట్టింది. "అమ్మా, ఇయ్యాల కాటుక జాస్తి ఉంది" అంటే ఆ రోజు ట్రాఫిక్ జామ్ అయిందని మేం అర్థం చేసుకోవాలి.

మా అపార్టుమెంటులో గాలి విషయంలో ఎవరి సిద్ధాంతం వాళ్లది. రెండో అంతస్తులో ఉండే మాస్టారు రిటైరైన లెక్కల మాస్టారు, అసోసియేషన్ సెక్రటరీ కూడానూ. రోజూ తెల్లారకుండానే రోడ్డు వైపు బాల్కనీలో చాప పరిచి ప్రాణాయామం మొదలుపెడతారు. సరిగ్గా ఆ వేళకే పాలవ్యాన్లూ కాలేజీ బస్సులూ కదుల్తాయి. మేమంతా పైపైన పీల్చే పొగని ఆయన బొడ్డు దాకా పీల్చి, లోపలే బిగబట్టి, లెక్కపెట్టుకుని మరీ వదుల్తారు. "శ్వాస మీద పట్టుంటే ఏ గాలైనా ఒకటేనండీ" అంటారు, దగ్గుతూ.

ఎదురు ఫ్లాటు పిన్నిగారిది ఇంకో వాదం. ఇంట్లో మంచిగాలికి అలవాటు పడ్డామా, గేటు దాటగానే చెడ్డగాలి పడక జబ్బు చేస్తుందిట. కాబట్టి మంచిగాలి జోలికే పోకూడదు. ఐదో అంతస్తు వాళ్లయితే "దుమ్ము అంత ఎత్తుకి రాదండీ" అని కొట్టిపారేస్తారు. వాళ్ల కిటికీలు మాత్రం ఏడాది పొడుగునా బిగించే ఉంటాయి.

ఇలాంటి కొంపలోకి, దసరాకి వచ్చిన మా అబ్బాయి ఎయిర్ ప్యూరిఫయర్ తెప్పించిపెట్టాడు. వాడి ఉద్యోగం నోయిడాలో. అక్కడ చలికాలం వచ్చిందంటే జనం కుశలప్రశ్నలకి బదులు గాలి ఎంత చెడిందో చెప్పే ఏక్యూఐ అంకెలు అడుగుతారట. 400 దాటితే 'తీవ్రం' అని మన ప్రభుత్వమే పేరు పెట్టింది. గదికో ప్యూరిఫయర్ పెట్టుకుని బతుకుతున్న వాడికి, రోడ్డు మీద తలుపులు తెరుచుకుని మేం వేరుశనక్కాయలు వలుచుకుంటూ ఉండటం చూసి గుండె ఆగినంత పనైంది.

మిషను వచ్చిందని తెలిసి పిన్నిగారు చూడ్డానికొచ్చారు. "ఎన్ని లీటర్లు పడతాయి?" అన్నారు. నీళ్లది కాదు, గాలిదని చెబితే చుట్టూ తిరిగి చూసి, "మరి కుళాయి ఎక్కడుంది?" అన్నారు.

మా వాడు అందర్నీ కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. పీఎం 2.5 అంటే రెండున్నర మైక్రాన్లు, అంతకంటే చిన్న ధూళి. మన తల వెంట్రుక మందంలో దాదాపు ముప్ఫయ్యో వంతు. ముక్కులో ఆగదు, ఊపిరితిత్తుల లోతుకి పోతుంది. ఈ డబ్బాలో హెపా ఫిల్టరని మడతలు మడతలుగా ఒకటుంటుంది, అది 0.3 మైక్రాన్ల కణాల్ని కూడా నూటికి 99.97 పట్టేస్తుంది. వాసనలకి, కొన్ని వాయువులకి బొగ్గు పొర. కరెంటు పాత సీలింగ్ ఫ్యాను తినేదాంట్లో సగం. "అయితే ఒక్కటే షరతు నాన్నా. పడగ్గదిలో పెట్టి తలుపులు మూయాలి. గదిలో గాలంతా గంటకి నాలుగైదు సార్లు ఫిల్టరు గుండా తిరిగితేనే లాభం. తలుపు తెరిస్తే ఇది రోడ్డుని శుభ్రం చేస్తూ కూర్చుంటుంది."

తర్వాత ఫోనులో అంకె చూపించాడు. బయట ఘనపు మీటరు గాలిలో ఆ సన్నధూళి 60 మైక్రోగ్రాములు. మన లెక్క ప్రకారం రోజు సగటు 60 దాకా 'సంతృప్తికరం'. వాడి ఫోనులో ఉన్నది అమెరికా లెక్క, ఆ గాలినే అది 'అనారోగ్యకరం' అంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే రోజుకి 15 దాటకూడదని 2021లోనే చెప్పేసింది. మావారు కాసేపు ఆలోచించి, "మన గాలి, మన ముక్కు. మన లెక్కే సరి" అని 'సంతృప్తికరం' వైపు మొగ్గారు.

వాడు విమానం ఎక్కే దాకా మిషను పడగ్గదిలోనే ఉంది. ఎక్కగానే మా అత్తయ్యగారు విచారణ మొదలుపెట్టారు.

"అమ్మాయ్, ఇది గాలి మిషనే కదూ?"

"అవునండీ."

"గాలికి అధిపతి ఎవరు?"

"వాయుదేవుడు."

"ఆయన దిక్కేది?"

వాయవ్యం. ఇంక మాట్లాడ్డానికేముంది? అయితే మా బిల్డరుకి వంటిల్లు ఆగ్నేయంలో కుదరక, వాయవ్యంలోనూ పెట్టొచ్చని ఎవరో సిద్ధాంతి చేత చెప్పించుకుని అక్కడ కట్టాడు. కాబట్టి వాయుదేవుడు పడగ్గది నుంచి బయల్దేరి వంటింటి గుమ్మం పక్కన, చెప్పుల స్టాండుకీ ఫ్రిజ్‌కీ మధ్య ప్రతిష్ఠితుడయ్యాడు.

మర్నాడు పప్పుచారుకి పోపు పెట్టాను. ఆవాలు చిటపటమన్నాయి, ఎండుమిరపకాయలు వేశాను, ఇంగువ చల్లాను. గుమ్మం పక్కన మిషను మీది పచ్చదీపం కాస్తా ఎర్రబడింది. 480. లోపల ఫ్యాను గయ్యిమంది. పూనకం వచ్చిందేమోనని అత్తయ్యగారు దండం పెట్టారు.

మావారు పరుగెత్తుకొచ్చి అంకె చూశారు. బాల్కనీ తలుపులు బార్లా తీసి, కింద రెండు స్లీపరు బస్సులు గుర్రుమంటున్నప్పుడు అది 70 దాటలేదు. నా పోపు గరిటెకి 480! ఆయన మొహంలో కనిపించిన ఆనందం పెళ్లిచూపుల ఫొటోలో కూడా లేదు. "చూశావా! రోడ్డుని ఆడిపోసుకుంటాం గానీ..." అని ఆగారు. ఆగకపోయి ఉంటే ఆ పూట చారు ఉండేది కాదు.

అసలు సంగతేమిటంటే, దాని లోపల చిన్న లేజరు వెలుగుంటుంది. దానికి అడ్డొచ్చిన ప్రతి కణాన్నీ లెక్కపెడుతుందే తప్ప అది డీజిలు మసో, నూనె ఆవిరో, ఇంగువో దానికి తెలీదు. ఇడ్లీ కుక్కరు మూత తీసి ఎదురుగా పట్టుకున్నా కంగారు పడుతుంది. అత్తయ్యగారు తీర్పు చెప్పారు: "అది ఉత్తరాది మిషను. పోపు వాసన ఎరగదు. పోనీలే, నాలుగు రోజులుంటే అలవాటవుతుంది."

నేను మాత్రం దానిమీద ఆ రోజే మనసు విరుచుకున్నాను. రోడ్డు పక్క కొంపల్లో ఎవరు ఈ మిషను కొన్నా, రోడ్డు మీద కేసు పెట్టడానికే కొంటారు. మనం ఫిర్యాదుదారులం, బస్సు ముద్దాయి, ఇది సాక్షి. తీరా బోనెక్కాక సాక్షి ఇంటావిడ వైపు వేలు చూపిస్తే ఎలా ఉంటుంది? దోమల కాయిల్ సంగతి కూడా అలాగే బయటపడింది. మావారు రాత్రి వెలిగించగానే దీపం ఎర్రబడింది. ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నధూళి 75 నుంచి 137 సిగరెట్లకి సమానమని 2003లోనే ఒక పరిశోధనలో తేల్చారట. సిగరెట్లు మానేశానని ఊరంతా చెప్పుకునే మనిషి, రోజుకో పెట్టె సిగరెట్లని నెమరేసుకుని ఆ రాత్రి దోమతెరకి మేకులు కొట్టారు.

ఇక సాయంత్రాల పేచీ వేరు. దీపాల వేళకి వీధి తలుపు తెరిచి ఉంచకపోతే లక్ష్మీదేవి లోపలికి రాదు. తెరిస్తే దేవితోపాటు 65వ నంబరు రహదారీ వస్తుంది. మూస్తే మావాడికి సంతోషం, తెరిస్తే మా అత్తయ్యగారికి. మధ్యేమార్గంగా ఆవిడ తలుపు ఓరగా తీసి, "త్వరగా రా తల్లీ, మిషను అరుస్తోంది" అని పిలిచేవారు.

పైగా అది ఊరుకునే రకం కాదు. వైఫైకి కట్టి ఉంది. ఇక్కడ దీపం ఎర్రబడితే నోయిడాలో వాడి ఫోను మోగుతుంది. నేను మినప్పిండి పునుగులు వేస్తుంటే ఆఫీసు మీటింగులోంచి ఫోను: "అమ్మా, డీప్ ఫ్రైనా? నాన్నకి కొలెస్ట్రాల్ కదే." వంకాయ కాలుస్తుంటే ఫోను. ఓ రోజు ఉదయం నుంచీ పచ్చగానే ఉందని ఫోను: "ఏమ్మా, వంట చేయలేదా? ఒంట్లో బాలేదా?" అత్తగారి ఆరా నుంచి బయటపడ్డానికి నాకు పాతికేళ్లు పట్టింది. కొడుకు ఆరా కొరియరులో వచ్చింది.

కార్తీక పౌర్ణమికి సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. హాల్లో పీట, మావిడాకులు, కలశం, చుట్టూ అపార్టుమెంటు ఆడవాళ్లు. "ఫోన్లన్నీ సైలెంట్‌లో పెట్టేయండమ్మా, మొన్న ఓ ఇంట్లో మంత్రం మధ్యలో ఐటెం సాంగు మోగింది" అన్నారు పంతులుగారు. బుద్ధిగా పెట్టేశాం. మా ఆయనవీ, అత్తయ్యగారివీ, నావీ.

నాలుగో కథ నడుస్తోంది. సన్యాసి వేషంలో వచ్చిన స్వామి, పడవలో ఏముందని వైశ్యుణ్ణి అడిగే ఘట్టం. అత్తయ్యగారు నిప్పుల మీద గుప్పెడు సాంబ్రాణి వేశారు. మామూలుగా చిటికెడు వేస్తారు. పౌర్ణమి కదా.

పొగ పైకి లేచి, సీలింగ్ తాకి, వాయవ్యం వైపు వంగింది. మిషను ఎర్రబడి ఫ్యాను స్పీడు పెంచింది. పంతులుగారు గొంతు పెంచారు. అది ఇంకా పెంచింది. ఆయన ఇంకా పెంచారు. అంకె 600, 800, చివరికి 999 దగ్గర ఆగిపోయింది. అంతకంటే ఎక్కువ చూపించడానికి దానికి గళ్లు లేవు.

నోయిడాలో మావాడు నాకు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. నాన్నకి, ఎత్తలేదు. నానమ్మకి, ఎత్తలేదు. ముగ్గురూ ఎత్తట్లేదు, ఇంట్లో 999. పిల్లాడు ఏమనుకుంటాడు? మాస్టారికి చేశాడు.

మాస్టారు జీవితమంతా అంకెల్ని నమ్మిన మనిషి. వాచ్‌మన్‌ని కేకేసి, మెట్ల దగ్గర వేలాడుతున్న ఎర్ర సిలిండరు ఊడబీకి, పరుగున వచ్చారు. దానిమీద గడువు తేదీ ఎప్పుడో దాటిపోయింది. మామూలుగా మన దగ్గర ఇలాంటివి అవసరానికి పనిచేయవు. ఆ ధైర్యంతోనే ఇన్నాళ్లూ ఎవరూ దాన్ని మార్చలేదు. ఆ రోజు పనిచేసింది.

వీధి తలుపు బార్లా తీసే ఉంది. లోపల దట్టంగా పొగ, మధ్యలో నిప్పులు. మాస్టారు పిన్ను లాగారు.

"నా పడవలో ఆకులూ అలములూ తప్ప మరేమీ లేవు స్వామీ, అని వైశ్యుడు..." అంటున్నారు పంతులుగారు. తర్వాతి మాట ఎవరికీ వినపడలేదు. బుస్సుమని తెల్లటి పొడి హాలంతా కమ్మేసింది. కలశం తెల్లబడింది, పీట తెల్లబడింది, పట్టుచీరలన్నీ ఒకే రంగుకి వచ్చాయి. తెరలు తెరలుగా విడిపోతున్న పొడిలోంచి, నడుం దాకా తెల్లగా, పంతులుగారు కళ్లు మూసుకుని వాక్యం పూర్తిచేశారు: "...అనగా అట్లే అగుగాక అని స్వామి పలికెను."

గుమ్మంలో వాచ్‌మన్ గొంతు: "అయ్యో సారూ, గిది పూజ పొగ గదా!"

ఎదురుగా సిగ్నల్ దగ్గర నెమ్మదించిన మెట్రోలో జనం ఒక పక్కకి చేరి ఫోన్లు ఎత్తారు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. ప్రసాదం. పెద్ద పళ్లెంలో రవ్వ ప్రసాదం, నెయ్యి, జీడిపప్పు, వాటి మీద వేలెడు మందాన ఆ పొడి. తింటే ఏమవుతుందో తెలీదు. తినకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు, ప్రతి వ్రతంలోనూ వింటున్నదేగా. మొగుడొచ్చాడన్న హడావిడిలో ప్రసాదం తినకుండా లేచిపోయినందుకు కళావతి గతి ఏమైంది? ఐదో కథలో ప్రసాదం వద్దన్న తుంగధ్వజ మహారాజు గతో? ఆడవాళ్లంతా పళ్లెం వైపు చూస్తారు, ఒకరి మొహాలొకరు చూస్తారు, ఎవరూ లేవరు. పిన్నిగారు మాత్రం ధైర్యం చేసి, వేలి చివరతో ఓ రవ్వ తీసుకుని కళ్లకద్దుకుని, కొంగులో ముడేసుకున్నారు. నోట్లో వేసుకోలేదు, వద్దనలేదు.

పంతులుగారు అనుభవజ్ఞులు. కనుబొమలు దులుపుకుని, "వంటింట్లో మూతపెట్టిన గిన్నె ఉందామ్మా?" అన్నారు. ఉంది. "అదీ నైవేద్యమే. సంకల్పంలో చెప్పాను" అన్నారు. చెప్పారో లేదో ఆ స్వామికే తెలియాలి. మా అందరికీ ప్రాణం లేచొచ్చింది. ఆ పొడిలో ఉండేది ఎరువుల్లో కూడా వాడే ఫాస్ఫేటు అని మావాడు తర్వాత చెప్పాడు. బాల్కనీలో మా తులసి అంతకుముందు కంటే ఏపుగా ఎదగటం స్వామి మహిమేనని అత్తయ్యగారు ఇప్పటికీ అంటారు. నేను అడ్డుచెప్పను.

అందరూ వెళ్లాక కూడా మిషను 999 మీదనుంచి కిందికి దిగలేదు. మావారు చొక్కా చేతులు మడిచి, దాని వెనక మూత ఊడదీశారు. జాలీ పొర తీసి కడిగారు. అంతవరకూ సరే, దాన్ని కడగొచ్చు. తర్వాత హెపా ఫిల్టరు బయటికి లాగారు. రోడ్డు వైపు ధూళి, నా పోపులు, పునుగులు, సాంబ్రాణి, మాస్టారి పొడి, అన్నీ కలిసి అది బూడిదరంగుకి తిరిగింది. ఆయన చూసి చలించిపోయారు.

కూడా వచ్చిన పుస్తకంలో తెలుగు లేదు. బొమ్మలున్నాయి. ఒక బొమ్మలో కుళాయి, దానిమీద అడ్డంగా ఎర్రగీత. ఆయన కళ్లజోడు సవరించుకుని, "కుళాయి నీళ్లతో కడగొద్దంటున్నాడు. నిజమే, ఉప్పు పేరుకుంటుంది" అని, తాగే ఆర్వో నీళ్లు రెండు బిందెలు పట్టి, సర్ఫ్ కలిపి, ఫిల్టరుని నానబెట్టారు. పాత టూత్‌బ్రష్షుతో మడతమడతా తోమారు. ఆ శ్రద్ధ చూసి పనమ్మాయి కూడా పక్కన నిలబడిపోయింది. ఇళ్లలో వాడే చాలా ఫిల్టర్లలో పోగులకి ఒకరకమైన విద్యుదావేశం ఉంటుందనీ, ధూళిని లాగి పట్టడంలో చాలా భాగం దానిదేననీ, సబ్బునీళ్లలో నానితే అది పోతుందనీ మాకు తర్వాత తెలిసింది. పోయాక అది ఫిల్టరు కాదు, ఖరీదైన కాగితం.

ఎండ బాగా తగిలే చోటు చూసి ఆరబెట్టారు. రోడ్డు వైపు బాల్కనీ రెయిలింగ్ మీద. సాయంత్రానికి ఒక పక్క తెల్లగా, రెండో పక్క కాటుకగా ఆరింది. బిగించి స్విచ్చేస్తే ఇల్లంతా తడిగోనెసంచి కంపు. నోయిడా నుంచి ఫోను: "నాన్నా, నిజం చెప్పండి. కడిగారా?"

కొత్త ఫిల్టరు మూడువేల చిల్లర. వచ్చింది. ఈసారి మావాడు వీడియో కాల్లో ఉండి, మిషనుని పడగ్గదికి మోయించి, తలుపు వేయించి, అంకె చూపించమన్నాడు. రాత్రి బస్సుల వేళ 70 ఉన్నది అరగంటలో 15 కిందకి దిగింది. చెప్పొద్దూ, నేను కూడా ఆశ్చర్యపోయాను. మావారి పొద్దుటి తుమ్ములు తగ్గాయి. తుమ్ములతోనే నిద్రలేచే అత్తయ్యగారికి ఇప్పుడు మెలకువ రావట్లేదు, అది వేరే ఫిర్యాదు. వాయుదేవుణ్ణి నైరుతిలో పెట్టినందుకు ఏదో జరుగుతుందని ఎదురుచూస్తున్నారు.

అసోసియేషన్ మీటింగులో సిలిండరు రీఫిల్ ఖర్చు చర్చకొచ్చింది. ఎవరు కట్టాలి? పొగ పెట్టినవాళ్లా, ఫోన్ చేసినవాడా, పిన్ను లాగినవారా? మాస్టారు బోర్డు మీద మూడు భాగాలుగా లెక్క వేయబోతే పిన్నిగారు అడ్డుపడి, "అది సరేగానీ, రాత్రి నిజంగా 15కి దిగుతుందా?" అన్నారు. దిగుతుందన్నాను. "మా పడగ్గదికి ఎంతది కావాలి?" అన్నారు, మంచిగాలికి అలవాటు పడకూడదన్న ఆవిడే. మాస్టారు గొంతు సవరించుకుని, ప్రాణాయామం గదిలో చేస్తే ఫరవాలేదా అని అడిగారు. ఐదో అంతస్తు వాళ్లు చల్లగా బయటపెట్టారు, వాళ్లింట్లో రెండేళ్ల నుంచీ ఉందట. వాచ్‌మన్ గుమ్మంలోంచి అన్నాడు: "అమ్మా, మీ మిషిన్ల గాలి పైపేసి జర కిందికి ఇడువుండ్రి. నేను పొద్దస్తమానం రోడ్డు మీదనే గూసుంట." అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు.

చివరికి తీర్మానం నోటీసుబోర్డు ఎక్కింది: 'ప్యూరిఫయరు ఉన్న ఫ్లాట్ల వారు సాంబ్రాణి వేయు ముందు విధిగా వాచ్‌మన్‌కు తెలియజేయవలెను.' మా అత్తయ్యగారు నియమాలు తప్పే మనిషి కాదు. ప్రతి శుక్రవారం సాయంత్రం ధూపం గిన్నె చేత్తో పట్టుకుని బాల్కనీలోకి వచ్చి, స్లీపరు బస్సుల హారన్లని మించిన గొంతుతో కిందికి కేక పెడతారు.

"ఒరేయ్, సాంబ్రాణి వేస్తున్నా!"

"ఎయ్యుండ్రమ్మా!"

"మాస్టారికి చెప్పావా?"

"చెప్పిన! సిలిండర్ దాసిపెట్టిన!"

పక్కనే "అమలాపురం, రాజోలు" కుర్రాడు ఓ క్షణం ఆగి, పైకి చూసి, "బామ్మగారూ, వస్తారా? కిటికీ సీటుంది!" అంటాడు.